కంప్యూటర్ మీద కొబ్బరికాయ

కంప్యూటర్ రాకముందు ముత్యమ్మ ఒక ఇనుప స్టూలు మీద కూసొని టైపు కొట్టేది. ఆ స్టూలుకు వీపు ఆనించే పట్టీ లేదు. నాలుగు కాళ్ళల్ల ఒకటి పొట్టి. ఆ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టుకునేది. ఊడ్చేటోళ్ళు రోజూ ఆ అట్టను చెత్తల కలిపేటోళ్ళు, ఈమె రోజూ కొత్తది మడిచేది. పటాన్‌చెరు పారిశ్రామికవాడల ఒక మందుల కంపెనీ అది. పేరు రాయను. రాసినా లాభం లేదు, ఇప్పుడు ఆ గేటు మీద ఇంకెవరిదో బోర్డున్నది.

నేను ఆమెకు చుట్టమేం కాదు. పోతిరెడ్డిపల్లిల ఒకటే గోడకు అటొకరం ఇటొకరం కిరాయికి ఉంటిమి. సంగారెడ్డిల డిగ్రీ రెండో ఏడాది మధ్యలనే ఇడిచిపెట్టి, పటాన్‌చెరు బస్టాండు దగ్గర యాదన్న కంప్యూటర్ దుకాణంల పనికి కుదిరిన. ఎందుకు ఇడిచిపెట్టినవని గల్లీల అందరూ అడిగిండ్రు. కాలేజీల కూసోబుద్ధి కాలే, అంతే. ముత్యమ్మ ఒక్కతి ఆ మాట అడగలే. "ఏం పని తమ్మి అది? కరెంటుదా, టైపుదా?" అని అడిగింది. "రెండూ అక్కా" అని చెప్పిన. అట్ల మాటలు కలిసినయి.

ఆమెది కొండాపూర్ మండలంల ఒక చిన్న ఊరు. అవ్వ, అయ్య ఇద్దరూ కూలోళ్ళు. వాళ్ళ వాడల పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల ఈమెనే. ఆ తర్వాత బస్సెక్కి సంగారెడ్డి వచ్చి టైపు నేర్చుకొని లోయర్ పరీక్ష పాసైంది. పెనిమిటి మొగులయ్య పటేల్‌గూడ దిక్కు ఒక పెద్ద ఫ్యాక్టరీల కాంట్రాక్టు వెల్డరు. ఒక నెల పనుంటది, ఇంకో నెల ఉండదు. మనిషి మంచోడే గని, ఆయన జీతాన్ని నమ్ముకొని పొయ్యి ముట్టిచ్చుకునేటట్టు లేకుండె. ఇల్లంతా ముత్యమ్మ వేళ్ళ మీదనే నడిచింది.

ఆమెను కంపెనీల పెట్టించింది కిష్టప్ప. ఈయన స్టోరు ఇంచార్జి, అదే ఊరోడు, భూములున్నోడు. ముత్యమ్మ అవ్వయ్యలు కూలికి పోయింది ఎక్కువగా ఈయన చేన్లకే. తెల్లటి బట్టలు, నుదుట విభూతి, మెత్తటి మాట. కంపెనీల ఎవరింట్ల పెండ్లైనా, పంచాయితైనా ముందట ఈయనే ఉంటడు. "మా ఊరి పిల్ల సార్, దీని చేతిల తప్పు పోదు" అని మేనేజర్ ముందట నిలబెట్టి నౌకరి ఇప్పించిండు. ఊర్ల ముత్యమ్మ అయ్య ఈయనను తలవంచుకొని "పటేలా" అని పిలిచేటోడు. మొదటి రోజు స్టోర్ల ఈమె కూడా అట్లనే పిలిచిందట.

"ఇది ఊరు కాదు చెల్లె. ఈడ అన్నా అను" అన్నడట కిష్టప్ప.

ఆ ఒక్క మాటకు ముత్యమ్మ కరిగిపోయింది. ఎవరికి చెప్పినా ఇదే చెప్పేది. "మా అన్న గట్ల అన్నడు తెలుసా" అని. ఏటా రాఖీ కట్టేది. ఆయన కొడుకు బస్వరాజ్ ఇంటర్ తప్పి రోడ్ల మీద తిరుగుతుంటే, ఆదివారాలు వాళ్ళింటికి పోయి వానికి టైపు నేర్పింది. వాడు "అత్తా అత్తా" అనుకుంట చాయ తెచ్చిచ్చేటోడు. వాని వేళ్ళు బాగ తిరుగుతయని మురిసిపోయేది ఈమె.

తొంభైతొమ్మిది ఎండాకాలంల మేనేజర్ వెంకటరామయ్య ఆమెను పిలిచిండు. ఈయనది కోస్తా దిక్కు.

"చూడమ్మా, ఆఫీసుకి కంప్యూటర్ వస్తోంది. ఇక టైపు మిషను ఉండదు. నేర్చుకున్నావా, ఆ సీటు నీదే. లేదంటే టైపిస్టు పోస్టే ఉండదు."

ముత్యమ్మ వారం రోజులు అన్నం సక్కగ తినలే. తర్వాత ఒకనాడు డ్యూటీ దిగి నేరుగా మా దుకాణానికి వచ్చింది. యాదన్నను అడిగి, ఒక మూలకున్న పాత మిషన్ మీద నేనే నేర్పిన. అక్షరాలు ఆమెకు రావని కాదు, నాకంటే తొందరగ కొట్టేది. మౌసు దగ్గర తిప్పలైంది. "ఈ బాణం గుర్తు నేను అటు పొమ్మంటే ఇటు వస్తున్నది తమ్మి, అచ్చం మా ఆయన లెక్కనే" అని నవ్వేది. నవ్వుతనే నేర్చుకున్నది. వానలు మొదలయ్యేటాలకు బిల్లులు, బ్యాచ్ రిపోర్టులు, మాలు పంపే కాగితాలు అన్నీ ఆమె చేసేటట్టయింది.

కంప్యూటర్ మా దుకాణం నుంచే కొన్నరు. నేనే ఆటోల పెట్టుకొని తీసుకపోయిన. పోయి చూస్తే, మేనేజర్ ముందటి హాల్ల, అద్దాల తలుపుకు ఎదురుగ, ఎత్తైన బల్ల మీద జాగ సిద్ధం చేసి పెట్టిండు. ప్లగ్గేమో మంచినీళ్ళ కూలర్‌తోని కలిపి ఒకటే బోర్డు.

"సార్, ఇది షోకేసు బొమ్మ కాదు. దీని ముందట రోజంతా మనిషి కూసోవాలె" అని చెప్పిన.

"కూర్చుంటుందయ్యా. ముందు మన ఓనరు సేఠ్ గారికి కనబడాలి కదా" అన్నడు.

సరే అని అక్కడనే పెట్టి ఆన్ చేసిన. మధ్యాహ్నం ఎండ నేరుగ తెర మీద పడ్డది. అక్షరాలు పోయి, వంగి చూస్తున్న మేనేజర్ బట్టతల తెర మీద కనిపించింది. ముత్యమ్మ కొంగు నోట్ల కుక్కుకొని బయటికి ఉరికింది. ఇగ ఆయనే "వేరే గదిలో పెట్టండి" అన్నడు.

పక్కన ఒక చిన్న గది ఉండె. పాత ఫైళ్ళు ఎత్తి, కిటికీ ఎడమ పక్కకు వచ్చేటట్టు బల్ల తిప్పినం. వెలుతురు పక్క నుంచి వస్తే తెర మీద మెరుపు ఉండదు, కండ్లకు పోటు ఉండదు. నేను కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి పెడితే జుమ్మన్నది. కంపెనీ ఎలక్ట్రీషియన్ నర్సన్న టెస్టర్ పెట్టి చూసి, "ఎర్తింగ్ సచ్చింది. ఎన్నేండ్ల కిందిదో" అన్నడు. కొత్త గుంత తియ్యాలె, బొగ్గు, ఉప్పు పొయ్యాలె. నేను కిష్టప్పను అడిగిన. ఆయన ఉప్పు మూట, బొగ్గు ఇచ్చుడే కాదు, తెల్ల అంగీ విప్పి గోడకు తగిలిచ్చి, తనే గడ్డపార అందుకున్నడు.

"మా చెల్లె చేతికి షాకు తగులొద్దు" అన్నడు, తవ్వుకుంట.

"అన్నా, ఎండాకాలంల ఈ గుంతల నీళ్ళు పోస్తుండాలె. గుంతలనే. మిషన్ మీద మాత్రం ఒక్క చుక్క పడొద్దు. కరెంటు ఉన్నప్పుడు పడ్డదంటే లోపల అంతా కాలిపోతది" అని చెప్పిన.

"చిన్నపిల్లగానికి చెప్పినట్టు చెప్తున్నవేందిరా" అని నవ్విండు. అంటే ఆయనకు తెలుసు. ఇది గుర్తు పెట్టుకోండి.

కంప్యూటర్‌కు వేరే లైను గుంజినం. మధ్యల స్టెబిలైజరు, కరెంటు పోతే పని పోకుంట బ్యాటరీ డబ్బా. వైర్లన్నీ బల్ల వెనక తాడుతోని కట్టిన, కాళ్ళకు చిక్కకుంట. ఆ ఆఫీసుల పొద్దున్నే బకెట్ల కొద్ది నీళ్ళు పోసి కడుగుతరు, అందుకని సీపీయూ డబ్బాను నేల మీద పెట్టకుంట చిన్న పీట మీద పెట్టి, గోడకు జానెడు దూరం జరిపిన. దాని వెనక ఫ్యానుంటది, ఊపిరాడాలె.

మిషన్ కుదిరింది. మనిషి కుదరాలె. చక్రాల కుర్చీ కొత్తది తెప్పిచ్చిండ్రు. ముత్యమ్మ దాని అంచు మీద, చుట్టాలింటికి పోయినట్టు కూసున్నది.

"వెనకకు ఆను అక్కా."

"సారు చూస్తే ఏమనుకుంటడు తమ్మి?"

"నీ వీపు కుర్చీకి ఆనాలె, సారుకు కాదు."

ఆనింది. అప్పుడు కాళ్ళు నేలకు అందలే, మనిషి పొట్టిది. కుర్చీ దించితే బల్ల ఎత్తైంది, భుజాలు చెవుల దాక లేస్తున్నయి. కట్టె బల్లనే, కట్టెపని చేసే వడ్ల ఆయనను పిలిచి కాళ్ళు నాలుగు వేళ్ళంత కోయించినం. కిష్టప్ప స్టోర్ నుంచి ఒక పెట్టె పలక ఇచ్చిండు, పాదాలు పెట్టుకునేందుకు. చెయ్యి చాపితే వేళ్ళ కొసలు తెరకు తగిలీ తగలనట్టు ఉండాలె, తెర పై అంచు కంటికి సమానంగ ఉండాలె, మోచేతులు పక్కలకు ఆని ఉండాలె. ఇవన్నీ నాకు యాదన్న చెప్పినయే, నేనేం కనిపెట్టలే. కొంచెంసేపు పని చేసినంక కిటికీల నుంచి దూరం చూడమని చెప్పిన. కంప్రెసర్ షెడ్డు మీద పావురాలు ఉంటుండె, వాటిని చూసేది.

కొన్ని దినాలైనంక గోడ మీది నుంచి పిలిచింది. జొన్నపిండి చేతులతోని నిలబడ్డది.

"తమ్మి, రొట్టె పిండి పిసుకుతుంటే మణికట్టు గుంజుతలేదు. మెడ కూడ నొస్తలేదు. ఇన్నేండ్లు పిండి పిసుకుడంటేనే గట్ల నొస్తదనుకున్న" అన్నది.

ఆ మాట విన్నంక డిగ్రీ పోయిన బాధ నాకు కొంచెం తగ్గింది. సరే, అది నా సంగతి.

కంపెనీల కండ్లు పడ్డయి. సూపర్‌వైజర్లకు కట్టె కుర్చీలు, కూలి బిడ్డకు చక్రాల కుర్చీ. వచ్చిపోయేటోళ్ళు "మస్తున్నది ముత్యమ్మా నీ సింహాసనం" అనేటోళ్ళు. ఒకనాడు నేను ప్రింటర్ రిబ్బన్ మార్చనీకి పోయినప్పుడు కిష్టప్ప ఆ కుర్చీల కూసొని ఉన్నడు. అటు తిరుగుతున్నడు, ఇటు తిరుగుతున్నడు. ముత్యమ్మ పక్కకు నిలబడి నవ్వుతున్నది.

"మెత్తగున్నది చెల్లె" అన్నడు. లేవనీకి శానసేపు పట్టింది.

ఆ రోజే దసరా మాట వచ్చింది. మా దిక్కు కంపెనీలల్ల దసరాకు ముందటి రోజు మిషన్ల పూజ. బాయిలర్ నుంచి లారీ దాక అన్నిటికి కుంకుమ బొట్లు, బంతిపూలు, నిమ్మకాయలు. బందున్న మిషన్‌కు పూజ చెయ్యరు. బటన్ వత్తి, అది నడుస్తుంటే హారతి ఇచ్చి, దాని ఒంటి మీదనే కాయ కొడతరు. కాయ నీళ్ళు మిషన్ మీద పడాలె. అట్లైతేనే ఏడాది పొడుగు ఎవరి వేలూ తెగకుంట పని నడుస్తదని నమ్మకం. లేతు మిషన్‌కు కాయ నీళ్ళతోని ఏమైతది? ఏం కాదు. ఆ పూజ చేసేది ఏటా కిష్టప్పనే.

నా ముందటనే ముత్యమ్మ చెప్పింది. "అన్నా, కంప్యూటర్‌కు మాత్రం బొట్టు బల్లకు పెట్టు. కాయ గడప మీద కొట్టు. నేను ప్లగ్గు గుంజి పెడత, మళ్ళ పెట్టకు."

"నాకు చెప్తున్నవా? గుంత తవ్వింది నేనే గద" అన్నడు కిష్టప్ప.

పూజ రోజు నేను లేను. ముత్యమ్మ చెప్పింది, తర్వాత నర్సన్న కల్లు దుకాణం కాడ చెప్పిండు. రెండూ ఒకటే. పొద్దున్నే ఆమె ప్లగ్గు గుంజి, వైరు చుట్టి బల్ల మీద పెట్టి, మిషన్ మీద తువ్వాల కప్పింది. బాయిలర్ అయింది, కంప్రెసర్ అయింది, డప్పులతోని అందరూ ఆఫీసుకు వచ్చిండ్రు. పట్నం నుంచి సేఠ్ కూడా వచ్చిండు. "ఇదేనా కొత్త కంప్యూటర్?" అని అడిగిండు. తువ్వాల కింద డబ్బాను ఆయనకేం చూపెడతరు? కిష్టప్ప తువ్వాల తీసి, ప్లగ్గు పెట్టి, బటన్ వత్తిండు. తెర వెలిగింది. సేఠ్ చప్పట్లు కొట్టిండు. ఆ చప్పట్లకు ఈయనకు ఊపొచ్చింది. హారతి తిప్పి, మామిడాకుతోని పసుపునీళ్ళు చల్లి, కాయ ఎత్తిండు.

ముత్యమ్మ వెనక పులిహోర గిన్నె పట్టుకొని ఉన్నది. "అన్నా, ఆగు! అన్నా!" అని మొత్తుకున్నది. డప్పులల్ల ఎవరికి ఇనొస్తది? కాయ సీపీయూ డబ్బా అంచు మీద పగిలింది. నీళ్ళు సందులల్లకెల్లి లోపలికి పోయినయి. ఠప్పుమన్నది, కాలిన వాసన వచ్చింది, తెర నల్లగైంది.

"ఏమైంది?" అన్నడు సేఠ్.

"కరెంటు ఎక్కువొచ్చినట్టున్నది సేఠ్. దిష్టి పోయింది" అన్నడు కిష్టప్ప. కొబ్బరి ముక్కలు పంచిండ్రు. అందరూ తిన్నరు.

పండుగ అయినంక నన్ను పిలిపిచ్చిండ్రు. డబ్బా ఇప్పిన. లోపల చీమలు. కొబ్బరినీళ్ళ తీపికి బారులు కట్టినయి. కరెంటు వచ్చే డబ్బా మీద కుంకుమ ఎండి పెచ్చులు కట్టింది, మదర్‌బోర్డు ఒక మూల నల్లగ కాలింది. మేనేజర్ వంగి చూసిండు. గది నిండ జనం. పూజల ఉన్నోళ్ళే అందరూ.

"నీళ్ళు పడ్డాయి సరే. కరెంటు ఎవరు పెట్టారు?" అని అడిగిండు మేనేజర్.

కిష్టప్ప గొంతు సవరిచ్చుకున్నడు.

"మాకేం తెలుస్తది సార్. ఆ మిషన్ ముత్యమ్మ చేతిల ఉంటది. ఆమెనే ఆన్ చేసి పెట్టింది. బందున్నదేమో అనుకొని నేను మామూలుగ కాయ కొట్టిన."

ముత్యమ్మకు ముందు అర్థం కాలే. ఆయన పొరపాటున అన్నడనుకున్నది. సక్కదిద్దేటట్టు మెల్లగ మాట్లాడింది.

"అన్నా, నేను ప్లగ్గు గుంజి బల్ల మీద పెట్టిన గద. ముందే చెప్పిన గద నీకు."

"ఎప్పుడు చెప్పినవమ్మా?" అన్నడు కిష్టప్ప.

చెల్లె పోయి అమ్మా వచ్చింది. అప్పుడు అర్థమైంది ఆమెకు.

"నా ముందటనే చెప్పింది సార్. ఈయనే, గుంత తవ్వింది నేనే అన్నడు" అని నేను అందుకున్న.

"నువ్వు బయటివాడివయ్యా. పూజలో ఉన్నావా?"

"లేను."

"మరి? ఉన్నవాళ్ళు చెప్పాలి."

ముత్యమ్మ ఒక్కొక్కరి దిక్కు తిరిగింది. ఎలక్ట్రీషియన్ నర్సన్న కిటికీల నుంచి బయటికి చూసిండు. ఆఫీసు ఊడ్చే పుష్పమ్మ, కిష్టప్ప పక్కనే హారతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డ మనిషి, చీపురు పుల్లలు సరిజేసుకున్నది. "నేను లారీ కాడ ఉన్న సార్" అన్నడు డ్రైవరు. "మేం జర బయట ఉంటిమి" అన్నరు ఇంకిద్దరు. అంత మంది పట్టని గదిల, ఆ రోజు ఎవరూ లేరని తేలింది.

దుకాణానికి వస్తే యాదన్న నన్నే తిట్టిండు. "మనకెందుకురా? రిపేరు పని మనకే వస్తది, నోరు మూసుకొని చెయ్యి" అన్నడు. నోరు మూసుకోలే గని, లాభం కూడ లేకపోయింది.

ముత్యమ్మను ప్యాకింగ్ సెక్షన్‌కు పంపిండ్రు. సీసాలకు మూతలు బిగిచ్చుడు, డబ్బాలకు టేపు అంటిచ్చుడు. పొద్దంత నిలబడే పని. "కొత్త సామాను వచ్చేదాక" అన్నరు. ఆమె నమ్మింది. నేను కూడ నమ్మిన. మదర్‌బోర్డు మార్చి, అంతా శుభ్రం చేసి, మళ్ళ బిగించనీకి పోయినప్పుడు చూస్తే, చక్రాల కుర్చీల బస్వరాజ్ కూసొని ఉన్నడు. ఎండాకాలం నుంచే రామచంద్రాపురంల కంప్యూటర్ కోర్సు చేస్తున్నడట. ముత్యమ్మ మా దుకాణంల మౌసుతోని కొట్లాడుతున్న దినాలల్లనే. ఆ సంగతి ఆదివారాలు ఇంటికొచ్చి టైపు నేర్పే మనిషికి ఒక్క మాట చెప్పలే.

పోరడు తాటిచెట్టంత ఉంటడు. కోసిన బల్ల కింద మోకాళ్ళు పట్టలే. కింది తెరను వంగి వంగి చూసి మెడ పట్టేసిందని తెర కింద ఇటుకలు పెట్టుకున్నడు, బల్ల మాత్రం అట్లనే. పని అంతకంటే అధ్వాన్నం. కోర్సుల నేర్చింది వేరు, ఆ కంపెనీ బిల్లుల లెక్క వేరు. ఒక లారీ మాలు తప్పు బిల్లుతోని పోయి తిరిగొచ్చింది. మేనేజర్ గరమైండు. "ముత్యమ్మ నేర్పాలి. నేర్పకపోతే ప్యాకింగ్‌కి కూడా రానక్కరలేదు" అన్నడట.

ఆ మాట చెప్పనీకి ఆదివారం పొద్దున కిష్టప్పనే స్కూటర్ మీద పోతిరెడ్డిపల్లి వచ్చిండు. వెనక బస్వరాజ్, చేతిల పండ్ల సంచి. నేను గోడ మీద కూసొని యాపపుల్లతోని నోరు తోముకుంటున్న. దిగలే.

"చెల్లె, ఎట్లున్నవ్?" అన్నడు కిష్టప్ప.

ముత్యమ్మ వాకిట్ల బియ్యం ఏరుతున్నది. లేచి, కొంగు భుజాల మీద కప్పుకున్నది. వాళ్ళ అయ్య లెక్కనే తల వంచింది.

"రా పటేలా. కూసో" అన్నది.

కిష్టప్ప మొఖం ఎట్లైందో నేను చూసిన. చెంపదెబ్బ కొట్టినా గట్ల కాకపోవు. కూసోలే.

"గట్లెందుకు పిలుస్తవ్ చెల్లె. అయ్యిందేదో అయ్యింది. పోరడు పరేషాన్ అవుతున్నడు. జెర నాలుగు దినాలు పక్కన కూసొని చూపియ్యి. నీ అల్లుడే గద."

"చూపిస్త పటేలా. అన్నీ చూపిస్త. ఒక్క మాట. రేపు పొద్దున సారు ముందట, ప్లగ్గు పెట్టింది నేనే అని చెప్పు. నా సీటు నాకు ఇయ్యమని అడుగుతలేను. మాట ఒక్కటి చాలు."

బస్వరాజ్ తల తిప్పి తండ్రిని చూసిండు. "బాపూ? నువ్వు పెట్టినవా? ఆమె పెట్టిందంటివి గద!"

"నువ్వుండు" అన్నడు కిష్టప్ప. ముత్యమ్మ దిక్కు తిరిగి గొంతు తగ్గించిండు. "సేఠ్ ముందట జరిగిన పని. ఇప్పుడు నేనే అంటే నా ఇజ్జత్ ఏం గావాలె? ఇరవై ఏండ్ల సర్వీసు నాది. నీకేం, నువ్వు మళ్ళ యాడనన్న బతుకుతవు."

"అవును పటేలా. మేం యాడనన్న బతుకుతం" అన్నది ముత్యమ్మ. ఏడుస్తలేదు, అరుస్తలేదు. "నన్ను పనికి పెట్టింది నువ్వే. తీసేస్తున్నది నువ్వే. మధ్యల అన్నా అని పిలిపిచ్చుకున్నవు చూడు, అదొక్కటి చెయ్యకపోతే బాగుండు."

పండ్ల సంచి తీసుకపొమ్మన్నది. బస్వరాజ్ దాన్ని పట్టుకొని స్కూటర్ ఎక్కిండు. పొయ్యేటప్పుడు ఒకసారి వెనకకు చూసిండు. వానికి సిగ్గైందనుకున్న, ఇగ ఆ కుర్చీల కూసోడేమో అనుకున్న. నాది పిచ్చి. సోమవారం పొద్దున నేను ప్రింటర్ పనికి పోయేసరికి వాడు అదే కుర్చీల ఉన్నడు, నా దిక్కు చూడకుంట కీబోర్డు తుడుస్తున్నడు.

ముత్యమ్మ కూడా వచ్చింది ఆ రోజు. మేనేజర్ గదిల నిలబడి, "నేర్పను సార్" అని చెప్పింది. ఎందుకని ఆయన అడగలే. అడిగితే జవాబు వస్తదని తెలుసు ఆయనకు. "సరే, నీ ఇష్టం" అన్నడు. ప్యాకింగ్ సెక్షన్ల తన టిఫిన్ గిన్నె తీసుకొని గేటు దాటింది. నేను పని ఇడిచిపెట్టి వెనకనే ఉరికిన.

ఎదురుంగ చాయ బండి. అక్కడ షిఫ్టు దిగినోళ్ళు, ఎక్కేటోళ్ళు. పుష్పమ్మ చేతిల గ్లాసు బండి మీద పెట్టి ఉరికొచ్చింది. ముత్యమ్మ చెయ్యి పట్టుకున్నది. పుష్పమ్మ కండ్లల్ల నీళ్ళు.

"నేను చూసినక్కా. నా పక్కనే ఉన్నడు ఆయన. ప్లగ్గు పెట్టంగ నేను చూసిన. నీ తప్పేం లేదక్కా."

ముత్యమ్మ మెల్లగ చెయ్యి ఇడిపించుకున్నది. గేటు దిక్కు చూపిచ్చింది.

"మేనేజర్ గదిలనే ఉన్నడు. పోయి లోపల చెప్పు పుష్పమ్మా."

పుష్పమ్మ గేటును చూసింది. వాచ్‌మన్‌ను చూసింది. చాయ బండి కాడ ఉన్నోళ్ళు తమ గ్లాసులల్లకు చూసుకున్నరు. సంగారెడ్డి బస్సు వచ్చి ఆగింది. పుష్పమ్మ ఇంకా ఆడనే నిలబడ్డది. ముత్యమ్మ కొంచెంసేపు ఆగింది, నిజంగనే ఆగింది, కండక్టరు "ఎక్కుతవా లేదా అమ్మా" అని ఒర్లేదాక. తర్వాత బస్సెక్కింది.